లినక్స్‌లో వీడియో రూపాంతర సాధనాలు : చరిత్ర, లభ్యత - నర్సీపట్నం ప్రాంత మౌఖిక సాహిత్య సంరక్షణ దృష్టి

వ్యాససంగ్రహం:

మౌఖిక సాహిత్య పరిశోధనలో వీడియో నేడు ప్రాథమిక ఆకరం. అయితే వీడియో ఫైళ్ల రూపాలు తరచుగా మారుతుండడం వల్ల పాత రికార్డింగులు చూడడానికి వీలులేని స్థితికి చేరుతున్నాయి. వాటిని కొత్త రూపంలోకి మార్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో ఎట్లా పుట్టింది, సామాన్య వినియోగదారుకు ఏ దారిలో అందింది, ఏ అడ్డంకులు ఎదురయ్యాయి అనే అంశాలను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. ఈ సాధనాల లభ్యతకు అడ్డుపడినవి సాంకేతిక కారణాలకన్న పేటెంటు చట్టాలు, పంపిణీ విధానాలు, లిపి సమస్యలే అని నిరూపించడం వ్యాస లక్ష్యం. నర్సీపట్నం పరిసరాల క్షేత్రపరిశోధన అవసరాలను ఇందుకు సందర్భంగా గ్రహించడమైనది.

కీలకపదాలు: లినక్స్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, హ్యాండ్‌బ్రేక్, వీడియో రూపాంతరం, సాఫ్ట్‌వేర్ భాండాగారం, పేటెంటు, మౌఖిక సాహిత్యం, నర్సీపట్నం.

1. ఉపోద్ఘాతం:

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం మైదానానికీ మన్యానికీ నడుమనున్న పట్టణం. ఇక్కడినుండి బయలుదేరిన దారి లంబసింగి మీదుగా చింతపల్లికి చేరుతుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై అల్లూరి సీతారామరాజు దళం జరిపిన దాడులతో మన్యం పోరాటం చరిత్రకెక్కింది. 1924 మే 7న ఆయన అమరుడైన తరువాత నిర్మించిన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. ఈ ప్రాంతానికి ఆనుకొనియున్న కొండల్లో బగత, కొండదొర, వాల్మీకి మొదలైన తెగలవారు నివసిస్తున్నారు. తెలుగుతో పాటు కువి, ఆదివాసీ ఒరియా భాషలు విశాఖ మన్యంలో వ్యవహారంలో ఉన్నాయి. థింసా నృత్యం, పండుగ పాటలు, పోరాట గాథలు ఇక్కడి మౌఖిక సంపద.

ఇటువంటి సంపదను అక్షరంలో మాత్రమే బంధించడం సాధ్యం కాదు. పాటకు వరుస ఉన్నది, థింసాకు అడుగు ఉన్నది, కథకునికి ముఖకవళిక ఉన్నది. అందువల్లనే జానపద పరిశోధకులు టేపు రికార్డరు తరువాత వీడియో కెమెరాను ఆశ్రయించారు. కాని వీహెచ్‌ఎస్ క్యాసెట్టు, మినీ డీవీ టేపు, వీడియో సీడీ, డీవీడీ, సెల్‌ఫోన్‌లోని 3జీపీ ఫైలు, నేటి ఎంపీ4 - ఇన్ని రూపాలు నాలుగు దశాబ్దాలలోనే మారాయి. ఒక కళాకారుడు మరణించిన తరువాత ఆయన పాట ఉన్న ఫైలు తెరుచుకోకపోతే ఆ పాఠం నశించినట్లే. కాబట్టి వీడియో రూపాంతరం సాంకేతిక నిపుణుల వ్యవహారంగా మాత్రమే మిగలదు. అది సాహిత్య పరిశోధకుని ఆకర సంరక్షణ బాధ్యతలో భాగం.

2. రూపాంతరం - పాఠపరిష్కరణ పోలిక:

వీడియో ఫైలులో రెండు పొరలు ఉంటాయి. దృశ్యాన్నీ శబ్దాన్నీ కుదించి సంకేతాలుగా రాసే పద్ధతి మొదటిది. దీనిని కోడెక్ అంటారు. అట్లా కుదించిన దృశ్య, శబ్ద ధారలను ఒకచోట అమర్చే పెట్టె రెండవది. దీనిని కంటైనర్ అంటారు. ఎంపీ4, ఏవీఐ, మత్రోస్కా అనేవి పెట్టెల పేర్లు. ఎంపెగ్-2, హెచ్.264, వీపీ9 అనేవి సంకేత పద్ధతుల పేర్లు. ఫైలు పేరు చివర కనిపించేది సాధారణంగా పెట్టె పేరు మాత్రమే. ఈ భేదం తెలియకపోవడం వల్ల రూపాంతరం పేరుతో అనవసరమైన నష్టం జరుగుతుంటుంది.

తాళపత్ర గ్రంథాల పరిష్కరణతో పరిచయమున్నవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. పాత ఆకులను కదిలించకుండా కొత్త పలకల మధ్య పెట్టి దారం కట్టడం ఒక పని. ఆకులు శిథిలమయ్యాయని కొత్త ఆకులపై ప్రతి రాయడం మరొక పని. మొదటిదానిలో పాఠం మారదు. రెండవదానిలో లేఖకదోషాలు చేరే అవకాశం ఉంటుంది. ప్రతికి ప్రతి రాసినకొద్దీ దోషాలు పెరుగుతాయి. వీడియోలో కూడ పెట్టెను మాత్రమే మార్చితే దృశ్యం చెక్కుచెదరదు. నష్టాన్ని అంగీకరించే కుదింపు పద్ధతిలోకి మళ్లీ రాస్తే ప్రతి పర్యాయమూ కొంత వివరం పోతుంది. పోయినది తిరిగి రాదు. ఈ రెండు పనులనూ వేరువేరుగా చేయగల సాధనం ఉండడం పరిశోధకునికి ముఖ్యం.

3. సాధనాల ఆవిర్భావం (1991-2003):

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన జిఎన్‌యు ప్రాజెక్టు, లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన లినక్స్ కెర్నెల్ కలిసి స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థకు ఆధారమయ్యాయి. 1990ల చివరివరకు ఈ వ్యవస్థలో వీడియో చూడడమే కష్టంగా ఉండేది. 1996లో ఫ్రాన్సులోని ఎకోల్ సంత్రాల్ పారిస్ విద్యార్థులు తమ ప్రాంగణ నెట్‌వర్కులో వీడియో ప్రసారం కోసం వీడియోలాన్ ప్రాజెక్టును ప్రారంభించారు. 2001లో అది జిపిఎల్ లైసెన్సు కిందికి వచ్చింది. నేటి వీఎల్‌సీ ప్లేయరు దాని ఫలమే. హంగేరీలో 2000లో ఎంప్లేయర్ మొదలైంది. దానికి అనుబంధమైన ఎంఎన్‌కోడర్ తొలితరం రూపాంతర సాధనాలలో ఒకటి.

అదే 2000 సంవత్సరంలో ఫ్రెంచి ప్రోగ్రామరు ఫాబ్రిస్ బెలార్డ్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను ప్రారంభించాడు. పేరులోని మొదటి రెండక్షరాలు ఫాస్ట్ ఫార్వర్డ్ అనే మాటకు సంకేతం. అనేక కోడెక్‌లను, పెట్టెలను ఒకే చోట చదవగల, రాయగల గ్రంథాలయాలుగా దీనిని రూపొందించడం వల్ల ఇతర ప్రోగ్రాములు దీనిపై ఆధారపడడం మొదలైంది. 2003లో హెచ్.264 ప్రమాణం వెలువడింది. దానికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్264 అనే ఎన్‌కోడరు తయారైంది. డీవీడీలను ఫైళ్లుగా మార్చే హ్యాండ్‌బ్రేక్ 2003లో బీఓఎస్ అనే మరొక నిర్వహణ వ్యవస్థ కోసం పుట్టి, తరువాత లినక్స్‌కు వచ్చింది. ఆదేశాలు టైపు చేయనక్కరలేకుండా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను వాడుకొనేందుకు విన్ఎఫ్‌ఎఫ్ వంటి చిత్రరూప ముఖాలు కూడ వచ్చాయి. కాబట్టి ఈ శతాబ్ది తొలి దశకంలోనే సాధనాల కొరత చాలవరకు తీరింది. అయినా అవి వినియోగదారునికి సులభంగా చేరలేదు. అందుకు కారణాలను పంపిణీ చరిత్రలో వెదకవలసి ఉన్నది.

4. భాండాగారాలు - పేటెంట్లు:

తొలినాళ్లలో లినక్స్‌లో ఒక ప్రోగ్రాము కావలసివస్తే దాని మూలసంకేతాన్ని తెచ్చుకొని స్వయంగా కంపైలు చేసుకోవలసివచ్చేది. ఒక గ్రంథాలయానికి మరొక గ్రంథాలయం, దానికి ఇంకొకటి అవసరమయ్యేవి. 1993లో మొదలైన డెబియన్ పంపిణీ ఈ చిక్కును ప్యాకేజీల పద్ధతితో పరిష్కరించింది. 1999 మార్చిలో వెలువడిన డెబియన్ 2.1లో ఆప్ట్ అనే సాధనం చేరింది. కావలసిన ప్రోగ్రాము పేరు చెబితే దానికి అవసరమైన తక్కినవాటినన్నిటినీ భాండాగారంనుండి ఆప్ట్ తానే తెచ్చి అమర్చుతుంది. 2004 అక్టోబరులో తొలిసారి వెలువడిన ఉబుంటు ఈ పద్ధతినే సామాన్యులకు చేరువ చేసింది.

అయితే భాండాగారంలో లేనిదానిని ఆప్ట్ తేలేదు. ఎంపీ3, ఎంపెగ్-2, హెచ్.264 పద్ధతులపై అమెరికా మొదలైన దేశాలలో పేటెంట్లు ఉండేవి. 2002లో రెడ్‌హ్యాట్ తన 8.0 విడుదలనుండి ఎంపీ3 సౌకర్యాన్ని తొలగించింది. ఫెడోరా అదే మార్గంలో నడిచింది. జీస్ట్రీమర్ అనే మరొక వ్యవస్థ తన భాగాలకు గుడ్, బ్యాడ్, అగ్లీ అని సెర్జియో లియోనే సినిమా పేరును గుర్తుచేస్తూ పేర్లు పెట్టింది. నాణ్యత బాగున్నా పంపిణీకి చిక్కులున్నవి అగ్లీలోకి చేరాయి. ప్రధాన భాండాగారాలు వదిలివేసినవాటిని అందించేందుకు ఉపభాండాగారాలు వెలిశాయి. డెబియన్‌కు క్రిస్టియన్ మారియా నిర్వహించిన మల్టీమీడియా భాండాగారం, ఉబుంటుకు మెడిబుంటు, ఫెడోరాకు లివ్నా, ఫ్రెష్ ఆర్‌పిఎంస్, డ్రిబుల్ అట్లాంటివి. చివరి మూడూ కలిసి 2008లో ఆర్‌పిఎం ఫ్యూజన్‌గా ఏర్పడ్డాయి. మెడిబుంటు 2013లో మూతపడింది.

ఈ పరిణామాల ప్రభావం చిన్న పట్టణాలపై ఎక్కువగా పడింది. 2005నుండి 2011వరకు షిప్ఇట్ పథకం కింద ఉబుంటు సీడీలను ఉచితంగా తపాలాలో పంపేవారు. 2003లో మొదలైన లినక్స్ ఫర్ యు అనే భారతీయ ఆంగ్ల మాసపత్రిక డిస్కులను జతచేసి అందించేది. నిర్వహణ వ్యవస్థ ఈ విధంగా ఏ ఊరికైనా చేరగలిగింది. కాని ఉచితంగా వచ్చిన ఉబుంటు సీడీలో పేటెంటు చిక్కులున్న కోడెక్‌లు ఉండవు. వాటికి ఇంటర్నెట్ తప్పనిసరి. వ్యవస్థ చేతికి వచ్చినా వీడియో తెరుచుకోని ఈ స్థితి లినక్స్ కష్టమనే అభిప్రాయానికి బలం చేకూర్చింది.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని గమనించాలి. భారత పేటెంటు చట్టంలోని 3(కె) సెక్షను కంప్యూటర్ ప్రోగ్రామును దానికదిగా ఆవిష్కరణగా గుర్తించదు. 2004 డిసెంబరు ఆర్డినెన్సు ద్వారా ఈ నిబంధనను సడలించే ప్రయత్నం జరిగినా, 2005 సవరణ చట్టంలో పార్లమెంటు దానిని స్వీకరించలేదు. దీనితో వీడియో పద్ధతులపై హక్కుల ప్రశ్న పూర్తిగా తీరిందని చెప్పలేము. అయినప్పటికీ భాండాగారంలో ఏది ఉండాలనే నిర్ణయం ప్రధానంగా ఇతర దేశాల చట్టాలను అనుసరించి జరిగిందనేది స్పష్టం. ఆ నిర్ణయ ఫలితాన్ని మాత్రం ఇక్కడి వినియోగదారు కూడ అనుభవించాడు.

కాలక్రమంలో ఈ అడ్డంకులు సడలాయి. 2017 ఏప్రిల్‌లో ఎంపీ3 లైసెన్సు కార్యక్రమం ముగిసింది. 2018లో ఎంపెగ్-2పై అమెరికాలోని చివరి పేటెంటు కాలం తీరింది. 2022లో ఫెడోరా తన ప్రధాన భాండాగారంలోనే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను పరిమిత కోడెక్‌లతో చేర్చింది. మరొకవైపు పేటెంటు రుసుములేని పద్ధతుల నిర్మాణం సాగింది. 2008లో థియోరా 1.0, 2010లో వెబ్ఎం, 2013లో వీపీ9, 2018లో ఏవీ1 వెలువడ్డాయి. వికీమీడియా కామన్స్ ఈ రెండవ మార్గానికి కట్టుబడింది. ఎంపీ4ను అనుమతించాలనే ప్రతిపాదనను 2014లో అక్కడి సముదాయం తిరస్కరించింది. 2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియాలో ఒక థింసా వీడియోను చేర్చదలచినవారు తమ ఫోనులోని ఎంపీ4ను వెబ్ఎంగా మార్చుకోవలసి రావడానికి కారణం ఇదే.

5. చీలిక - దాని ఫలితం:

2011 మార్చిలో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ రూపకర్తలలో నిర్వహణ విషయమై భేదాలు వచ్చి, ఒక వర్గం లిబావ్ పేరుతో విడిపోయింది. డెబియన్, ఉబుంటు పంపిణీలు లిబావ్‌ను స్వీకరించాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని టైపు చేసినవారికి ఆ ప్రోగ్రాము వాడుకనుండి తొలగుతున్నదనీ, ఏవీకాన్వ్‌ను వాడవలసిందనీ సందేశం కనిపించేది. వాస్తవానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నిర్మాణం ఆగలేదు. ఒక పంపిణీ తన ప్యాకేజీని గురించి చెప్పిన మాటను వినియోగదారులు మూల ప్రాజెక్టును గురించి చెప్పినదిగా భావించారు. 2015 ఏప్రిల్‌లో ఉబుంటు 15.04, 2017లో డెబియన్ 9 తిరిగి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను స్వీకరించాయి.

ఈ ఘట్టం పరిశోధకులకు ఒక హెచ్చరిక. 2011-2015 మధ్య రాసిన సూచనలు అనేకం నేటికీ చలామణిలో ఉన్నాయి. అట్లాగే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సొంత ఏఏసీ ఎన్‌కోడరు 2015 చివరివరకు ప్రయోగదశలోనే ఉండేది. దానిని వాడడానికి ప్రత్యేకమైన అనుమతి పదాన్ని ఆదేశంలో చేర్చవలసివచ్చేది. నేడు ఆ అవసరం లేదు. కాబట్టి ఒక సాంకేతిక సూచనను అనుసరించేముందు అది ఏ సంవత్సరంలో రాసినదో, ఏ వెర్షనుకు సంబంధించినదో పరిశీలించడం, ఒక శాసన పాఠాన్ని వాడేముందు దాని కాలాన్ని నిర్ణయించుకోవడం వంటిదే.

6. తెలుగు లిపి సమస్య:

వీడియో రూపాంతరంలో తెలుగుకు ప్రత్యేకమైన సమస్య దృశ్యంపై అక్షరాలు ముద్రించేటప్పుడు ఎదురవుతుంది. మన్యం భాషలలోని పాటకు తెలుగు అనువాదాన్ని తెరకింద చూపించాలంటే ఉపశీర్షికలు కావాలి. తెలుగు 1991నాటి యూనికోడ్ తొలి వెర్షనులోనే చేరింది. కాని యూనికోడ్ అక్షర సంకేతాలను నిర్ణయిస్తుందే తప్ప వత్తులను, గుణింతాలను కలిపి చూపే పని వేరే సాఫ్ట్‌వేర్‌ది. ఆ కూర్పు జరగకపోతే ‘స్త్రీ’ అనే మాట పొల్లులతో ముక్కలై కనిపిస్తుంది.

ఉపశీర్షికలను చిత్రించే లిబాస్ గ్రంథాలయం గత దశకం ఆరంభంలో హార్ఫ్‌బజ్ అనే కూర్పు యంత్రాన్ని స్వీకరించడంతో ఉపశీర్షికలలో ఈ సమస్య తీరింది. అయితే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో నేరుగా దృశ్యంపై పేరు రాసే డ్రాటెక్స్ట్ అనే సౌకర్యం 2023లో వెలువడిన 6.1 వెర్షనుకు గాని హార్ఫ్‌బజ్‌ను ఆధారం చేసుకోలేదు. అంతకుముందు వెర్షను ఉన్న కంప్యూటరులో కళాకారుని పేరును ఆ పద్ధతిలో తెలుగులో ముద్రిస్తే వత్తులు సరిగా కూడవు. అటువంటిచోట లిబాస్ ద్వారా ఉపశీర్షికగా ముద్రించడమే మార్గం.

డెస్క్‌టాప్ భాష విషయంలో కృషి వేరుగా జరిగింది. 2005లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన స్వేచ్ఛ సంస్థ స్వచ్ఛంద కార్యకర్తలతో జిఎన్‌యు/లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేపట్టింది. మెనూలు తెలుగులో కనిపించడం దీనివల్ల సాధ్యమైంది. కాని రూపాంతర సాధనాల అంతర్గత పరిభాషకు స్థిరమైన తెలుగు మాటలు ఇంకా ఏర్పడవలసి ఉన్నది.

7. క్షేత్రపరిశోధకునికి అనువర్తనం:

నర్సీపట్నం కేంద్రంగా పనిచేసే పరిశోధకుడు నేడు ఉబుంటు లేదా డెబియన్ ఉన్న కంప్యూటరులో ఆప్ట్ ద్వారా ఒకే ఆదేశంతో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను నెలకొల్పుకోవచ్చును. ఫెడోరాలో పూర్తిస్థాయి ప్యాకేజీకి ఆర్‌పిఎం ఫ్యూజన్‌ను ఆశ్రయించాలి. ఆదేశాలకు అలవాటుపడనివారికి హ్యాండ్‌బ్రేక్ అనుకూలం. దాని అధికారిక లినక్స్ రూపం ఫ్లాట్‌ప్యాక్‌గా లభిస్తున్నది. ఉచిత కన్వర్టర్ అని వెదికినప్పుడు ఎదురయ్యే అపరిచిత స్థలాలనుండి కాకుండ, పంపిణీ భాండాగారంనుండే తెచ్చుకోవడం క్షేమం. భాండాగారపు సూచికపై సంతకముంటుంది, దానిని ఆప్ట్ సరిచూస్తుంది.

సాధనం ఎంపిక పనిని బట్టి జరగాలి. హ్యాండ్‌బ్రేక్ దృశ్యాన్ని ఎల్లప్పుడూ మళ్లీ కుదిస్తుంది. అందువల్ల అది చూడడానికి, పంచడానికి ఉపయోగించే ప్రతులకు తగినది. మూలప్రతిని చెక్కుచెదరకుండా పెట్టె మార్చడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని ధారా నకలు పద్ధతి తగినది. మినీ డీవీ టేపునుండి వచ్చే ఫైలు గంటకు సుమారు 13 గిగాబైట్లు ఉంటుంది. చోటు చాలదని దానిని కుదించి మూలాన్ని చెరిపివేయడం దిద్దుకోలేని నష్టం. వీహెచ్‌ఎస్ క్యాసెట్టును డిజిటల్‌గా మార్చేటప్పుడు నష్టరహితమైన ఎఫ్‌ఎఫ్‌వీ1 కోడెక్‌ను మత్రోస్కా పెట్టెలో వాడవచ్చును. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రాజెక్టులోనే పుట్టిన ఈ కోడెక్ వివరణ 2021లో ఆర్ఎఫ్‌సీ 9043గా ప్రకటితమైంది. నిర్మాణ వివరాలు బహిరంగంగా ఉన్నందువల్ల భవిష్యత్తులో ఏ సంస్థ మూతపడినా దానిని చదివే ప్రోగ్రామును తిరిగి రాసుకొనే వీలుంటుంది.

పెళ్లి వీడియోల ద్వారా తెలుగు ఇళ్లలో స్థిరపడిన వీడియో సీడీ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అందులోని దృశ్యం 352×288 చుక్కల పరిమాణంలో ఎంపెగ్-1 పద్ధతిలో ఉంటుంది. డ్యాట్ ఫైలు ఉన్న విభాగాలు సాధారణ డేటా విభాగాలకంటె భిన్నంగా ఉండడం వల్ల లినక్స్‌లో మామూలుగా నకలు చేయబోతే దోష సందేశం వస్తుంది. డిస్కు చెడిపోయిందని భావించి పారవేయరాదు. వీసీడీ ఇమేజర్ ప్యాకేజీలోని ప్రత్యేక సాధనంతో దానిని బయటికి తీయవచ్చును.

8. ముగింపు:

పై పరిశీలనవల్ల కింది విషయాలు తేలుతున్నాయి. లినక్స్‌లో వీడియో రూపాంతర సాధనాలు 2000-2003 మధ్యనే రూపుదిద్దుకున్నాయి. వాటిని కనుగొని నెలకొల్పుకోవడంలోని కష్టానికి పేటెంటు నియంత్రణలు, భాండాగారాల విభజన, ప్రాజెక్టు చీలిక ప్రధాన కారణాలు. తెలుగు విషయంలో లిపి కూర్పు మరొక కారణం. ఈ అడ్డంకులలో అధికభాగం నేడు తొలగిపోయాయి. ఇప్పుడు మిగిలినది పరిశోధన పద్ధతికి సంబంధించిన లోటు.

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించినవారు ఏ ప్రతిని ఆధారంగా తీసుకొన్నారో పీఠికలో చెబుతారు. వీడియో ఆకరంగా సిద్ధాంత గ్రంథం రాసేవారు కూడ మూల రికార్డింగు ఏ రూపంలో ఉన్నదో, ఏ సాధనపు ఏ వెర్షనుతో, ఏ అమరికలతో దానిని మార్చారో, మూలప్రతి ఎక్కడ భద్రంగా ఉన్నదో తెలపడం అవసరం. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు క్షేత్రపరిశోధన పాఠ్యాంశంలో ఈ వివరాలను చేర్చవలసి ఉన్నది. వీహెచ్‌ఎస్ టేపులోని అయస్కాంత పూత ఏటేటా క్షీణిస్తున్నది. ఆ టేపులను ఆడించే యంత్రాల తయారీ కూడ 2016లో ఆగిపోయింది. మన్యంలో పాట తెలిసిన తరం తగ్గుతున్న ఈ కాలంలో, రికార్డయిన పాటను కాపాడే పని సాధనాల కొరతవల్ల ఆగిందని చెప్పడానికి ఇక అవకాశం లేదు.